ఆరున్నర గంటల కాల్

ఆసుపత్రి క్వార్టర్స్, వెనక వరండా
సోమవారం

చంటీ,

నిన్న ఫోన్లో నిన్నొకటి అడిగాను కదా, దాని గురించే ఈ ఉత్తరం. మూడు నెలల్లో రిటైరైపోతున్నాను, ఆ వారంలోనే ఈ క్వార్టర్ తాళాలు అప్పజెప్పాలి, మీ మేడ మీద గది ఖాళీగానే ఉందిగా, వచ్చి ఉండనా అని. అడిగాక తీరిగ్గా ఆలోచించుకుంటే నాకే నవ్వొచ్చింది. ముప్పయ్యయిదేళ్ళు ఈ ఊళ్ళో మందుల వాసన పీల్చిన ముక్కు. ఇంకో ఊరి గాలి దీనికి పడుతుందా?

ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. మా ల్యాబమ్మ గురించి చెప్పాను కదా, రక్తపరీక్షలు చేసే ఆవిడ, పోయినేడు రిటైరైంది. బస్టాండు వెనక వీధిలో రెండు గదులు తీసుకుంది. "గురక పెట్టనంటే ఒక గది నీకిస్తా" అని ఎప్పటినుంచో అంటోంది. "పెడతానో లేదో నాకేం తెలుసు, నా పక్కన పడుకున్నది మా చెల్లెలొక్కతే, దానికప్పుడు ఆరేళ్ళు" అన్నాను. "సరే, పెడితే గోడ మీద కొడతాలే, రా" అంది.

కాబట్టి ఆ గది గొడవ వదిలెయ్యి. నా కుట్టుమిషను ఎక్కడ పట్టించాలా అని బుర్ర పాడుచేసుకోకు. మీ పిచ్చుకకి పన్నెండేళ్ళు నిండాయి, చదువుకోడానికి దానికో గది ఉండాలి. దానికివ్వు.

మరిదిని అడిగానని చెప్పు. చాలా మంచివాడు. ఈ మాట నీతో ఎప్పుడూ అన్నట్టు లేను.

జలుబు పట్టినట్టుంది నీకు. ఆవిరి పట్టు, బద్ధకించకు.

నీ
అక్క


ఇల్లు, ముందు గది
శనివారం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి భయమేసింది. నువ్వు అడగగానే "అడగాలా అక్కా, వచ్చెయ్" అన్నాను కదా నేను? నా గొంతులో ఏమన్నా తేడా వినిపించిందా? వినిపిస్తే చెప్పు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి తర్కం పాఠం చెప్తున్నాను. ఏ మాటలోంచి ఏ మాట వస్తుందో నల్లబల్ల మీద గీతలు గీసి చూపిస్తాను. నీ ఆదివారం మాటలోంచి నీ సోమవారం ఉత్తరం ఎలా వచ్చిందో మాత్రం గీత గీయలేకపోతున్నాను.

నీ దగ్గర దాచడం దేనికి, ఆయన కొంచెం వెనకాముందూ ఆడిన మాట నిజమే. కాదనలేదనుకో. ఇంట్లో ఇంకో మనిషంటే సర్దుకోడానికి మగవాళ్ళకి టైం పడుతుంది కదా. రెండు రోజుల్లో నేను ఒప్పించేదాన్నే. ఇంతలో నీ ఉత్తరం రానే వచ్చింది.

అక్కడే బాగుంటుందని నీకనిపిస్తే నేను బలవంతం చెయ్యను. నీ స్నేహితులు, నీ వీధి, నీకు అలవాటైన కొట్లు, ఇవన్నీ వదులుకుని రావడం చిన్న సంగతి కాదు. గది తనకేనన్న మాట వినగానే పిచ్చుక పుస్తకాలన్నీ ఒక్క గంటలో మేడ మీదకి మోసేసింది. కిందకి రమ్మంటే "ఇది పెద్దమ్మ నాకిచ్చిన గది, తలుపు కొట్టి పిలవాలి" అంటోంది.

జలుబు తగ్గింది. నా ఫీజులు కట్టినప్పటి మొహం పెట్టుకుని రెండు గదుల్లో ఇరుక్కుని కూర్చోకు. సెలవులకి తప్పకుండా రావాలి.

నీ
చంటి


కాలేజీ, స్టాఫ్ రూమ్
నెలాఖరు, శుక్రవారం

అక్కా,

నవ్వకుండా చదువు. నేను టెలిఫోన్ వాళ్ళ మీద యుద్ధానికి దిగాను.

మొన్న ఇంటి ఫోన్ బిల్లు వచ్చింది. ఎప్పుడూ ఆయనే కట్టేస్తారు, నేను కవరు కూడా చూడను. ఈసారి దాన్ని పట్టుకుని వంటింట్లోకే వచ్చేశారు. వివరాల కాగితంలో మిగతా కాల్స్ అన్నీ రెండు నిమిషాలవీ మూడు నిమిషాలవీ. ఒక్కటి మాత్రం, ఆ ఆదివారం పదకొండూ పదికి నీ నంబరుకి చేసింది, సాయంత్రం అయిదూ నలభై దాకా నడిచిందట. ఆరున్నర గంటలు! మనిద్దరం పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుకున్నవన్నీ కూడినా అంత అవుతుందా? ఆ ఒక్క వరుసకే ఆర్నెల్ల బిల్లంత వేశారు.

ఆఫీసుకెళ్ళాను. ఫిర్యాదుల కిటికీ వెనక కళ్ళజోడాయన ఒకాయన ఉన్నాడు. జోడు ముక్కు చివరికి జారి, ఏ క్షణాన పడుతుందా అని మనం మాట్లాడే మాట మర్చిపోయేలా ఉంటుంది.

"మెషీన్ అబద్ధం చెప్పదమ్మా."

"మరి మనుషులు చెప్తారా?"

"రోజూ ఈ కిటికీ దగ్గరికొచ్చి చెప్తారు తల్లీ. నిన్నొకావిడ మా ఇంట్లో ఫోనే లేదంది. బిల్లు పట్టుకుని."

నేను మాట్లాడింది పది నిమిషాలేనని, మిగతాదంతా వాళ్ళ యంత్రం తప్పని రాతపూర్వకంగా ఇచ్చాను. అవతలివాళ్ళ దగ్గర్నుంచి కూడా కాగితం తెస్తే పై వాళ్ళకి పంపుతానన్నాడు. అందుకే ఈ ఉత్తరం. "ఫలానా ఆదివారం మా చెల్లెలు ఫోన్ చేసింది, పది నిమిషాల్లో మాటలు అయిపోయాయి, ఇద్దరం ఫోన్ పెట్టేశాం" అని రెండు ముక్కలు రాసి సంతకం చేసి పంపు. హెడ్ నర్సు సంతకమంటే కళ్ళజోడాయన కూడా లేచి నిలబడతాడు.

నా సంగతి నీకు తెలుసు. తాళం వేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషిని. జీవితంలో ఏ విషయమూ ఖాయంగా చెప్పలేదు నేను. ఇదొక్కటి చెప్తాను. ఫోన్ పెట్టేశాను. పెట్టిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

నీ
చంటి


ఆసుపత్రి, నర్సుల గది
మంగళవారం

చంటీ,

నవ్వకుండానే చదివాను. ఆ ఫోన్ లేదన్న ఆవిడ దగ్గర మాత్రం ఆగలేకపోయాను.

కట్టెయ్యి చంటీ. సగం నేను పంపుతాను. అడగాల్సిన పని ఉన్నది నాకు, చేసింది నువ్వు. ఖర్చులో నాకూ వాటా ఉండాలి కదా. ఆ కిటికీ దగ్గర గెలిచి నువ్వు చేసేదేముంది?

ఇక్కడ నా కుర్చీలోకి వచ్చే అమ్మాయికి పని అప్పజెప్తున్నాను. చురుకైనదే, కానీ నడిస్తే చెప్పుల చప్పుడు. "నువ్వు వస్తున్నావని రోగికి తెలియకూడదు, రోగి ఎలా ఉన్నాడో నీకు తెలియాలి" అని చెప్తే, "అయితే దొంగలా రమ్మంటారా మేడం?" అంది. అవునే అన్నాను.

నువ్వడిగిన కాగితం సంగతి చూద్దాం. తీరిక ఉండటం లేదు.

అక్క


ఇల్లు, ముందు గది
ఆదివారం

అక్కా,

రెండు ముక్కలు రాయడానికి తీరిక లేనిదానివి, రెండు పేజీల ఉత్తరం రాశావు. ఏమనుకోవాలి?

సగం పంపుతానంటావేమిటి? కాలేజీలో చేరిన రోజు నుంచి ఉద్యోగం వచ్చిన రోజు దాకా నీ మనీ ఆర్డర్ల మీదే బతికాను. ఆ రసీదులన్నీ ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఇంకొకటొస్తే పెట్టడానికి చోటు లేదు. కోపంగా అంటున్నాననుకోకు. కోపమే కావచ్చు, నాకే తెలీదు.

ఇది డబ్బు గొడవ కాదక్కా ఇప్పుడు. అన్నమాట అనలేదని, చెయ్యని పని చేశానని ఒక కాగితం అంటుంటే ఊరుకుని కట్టెయ్యమంటావా? పైగా దీనివల్ల ఇంట్లో ఇంకో గొడవ. ఆయనా నేనూ మాట్లాడుకుంటుంటే పిచ్చుక మధ్యలోకొచ్చింది.

"అమ్మా, ఆ రోజు సాయంత్రం ఫోన్ పెట్టింది నేను. సోఫాలో దిండు కింద ఉంది. ఎత్తి పెట్టేశాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే నన్నే తిడతావని."

"నిజం చెప్తే నేనెందుకు తిడతానే?"

"ఇప్పుడు తిడుతున్నావుగా!"

నేను పెట్టేసిన ఫోను దిండు కిందకి నడిచి వెళ్ళిందా? ఎప్పుడు చూసినా పెద్దవాళ్ళ మాటల్లో తనకో పాత్ర కావాలి దానికి. అబద్ధమైనా సరే. మేడ మీద గది తాళం తీసేసుకున్నాను. నిజం చెప్పేదాకా కిందే చదువుకోమన్నాను. నాలుగు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. అన్నం దగ్గర వాళ్ళ నాన్నతో "అమ్మని నీళ్ళు ఇటు జరపమనండి" అంటోంది.

పై వారం మళ్ళీ రమ్మన్నాడు కళ్ళజోడాయన. ఈలోగా నీ కాగితం అందాలి.

చంటి


క్వార్టర్స్, సర్దిన పెట్టెల మధ్య
గురువారం

చంటీ,

ముందు పిచ్చుకని పిలిచి పక్కన కూర్చోబెట్టుకో. గది తాళం దాని చేతిలో పెట్టు. అది నిజమే చెప్పింది. ఆ తర్వాతే కింద రాసింది చదువు.

నువ్వడిగిన కాగితం నేను రాయలేను. రెండుసార్లు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వార్డులోకి వచ్చిన ప్రతి కొత్త అమ్మాయికీ నేను చెప్పే మొదటి మాట, లెక్కపెట్టని నాడి చార్టులో రాయొద్దని. నూరేళ్ళు బతికేవాడైనా సరే, పోయేవాడైనా సరే, చెయ్యి పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టి అప్పుడు రాయాలి. అలా చెప్పి చెప్పి, పది నిమిషాల్లో పెట్టేశానని ఎలా రాయను?

ఇంతకంటే ఏమీ అడక్కు. ఫిర్యాదు వెనక్కి తీసుకుని బిల్లు కట్టెయ్యి. నీకు పుణ్యముంటుంది.

అక్క


కాలేజీ, ఖాళీ క్లాసు గది
సోమవారం

అక్కా,

నీ ఉత్తరం అందాకే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. కళ్ళజోడాయన నన్ను లోపలికి, లైన్లు చూసే ఇంజినీరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న కుర్రాడిలా ఉన్నాడు కానీ ఓపికగా చెప్పాడు.

"మేడం, ఇద్దర్లో ఎవరు పెట్టేసినా రెండు మూడు నిమిషాల్లో లైను దానంతటదే తెగిపోతుంది, లెక్క ఆగిపోతుంది. ఆరున్నర గంటలు నడిచిందంటే రెండు వైపులా ఫోను ఎత్తే ఉందన్నమాట."

"అవతలివాళ్ళు కూడా పెట్టడం మర్చిపోయారేమో?"

"అయ్యుండొచ్చు మేడం. మీరే అడిగి చూడండి."

వీధిలోకొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అడగక్కర్లేదనిపించింది. నీ మొదటి ఉత్తరంలో జలుబు చేసిందన్నావు. మనం మాట్లాడినప్పుడు నాకు జలుబు లేదక్కా. తుమ్ములు మొదలైంది మధ్యాహ్నం, భోజనాలయ్యాక.

ఆ రోజంతా మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను, ఈసారి నాకు కావలసినట్టు కాకుండా. నువ్వు మిషను పెట్టడానికి కిటికీ పక్క చోటుందా అని అడిగావు. "కొలిచి చెప్తా ఉండు, పెట్టకు" అన్నాను. పెట్టకు అన్నది నేనే! ఫోను సోఫా మీద పడేసి టేపు పట్టుకుని పైకెళ్ళాను. నా చెవిలో ఉన్న చప్పుడు ఫోనుది కాదు, టేపు టపీమని లోపలికి చుట్టుకున్న చప్పుడు. కిందకొచ్చేసరికి ఆయన ముందు గదిలో ఉన్నారు. "ఏం కొలుస్తున్నావు?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత ఫోను సంగతి నా మనసులోంచి పోయింది. ఎందుకు పోయిందో ఇప్పుడు తెలుస్తోంది. నీతో మళ్ళీ మాట్లాడాలని లేకే పోయింది.

ఏమన్నానో నేనే రాస్తాను. నువ్వు విన్నావో లేదో అని వంకలు వెతుక్కోకుండా ఉండాలంటే ఇలా రాయడమే మేలు.

ఆయన అన్నది ఒక్క ముక్క. "రానీ, వదినకి మనం కాక ఎవరున్నారు?" మిగతావన్నీ నేనన్నవే. మీకు తెలీదు, అక్క వస్తే నేను మళ్ళీ ఆరేళ్ళదాన్నైపోతానన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా నేను చదివించానని అనదు, అననందుకే నాకు ఊపిరాడదన్నాను. రోజూ పొద్దున్నే ఆ మొహం చూస్తూ కాఫీ తాగలేనన్నాను. "అయితే కుదరదని చెప్పెయ్" అన్నారాయన. కాదనే మొహం నాకెక్కడిది, ఆవిడే వద్దనుకుంటే బాగుణ్ణు అన్నాను.

మర్నాడే నువ్వు వద్దనుకున్నావు.

పైగా నీకు రాసిన ఉత్తరంలో ఆ నేరం ఆయన మీదకి నెట్టాను. అది చదువుతూ నువ్వేమనుకుని ఉంటావో తలుచుకుంటే ఈ బల్ల కింద దూరాలనిపిస్తోంది. ఆ పైన నాకు సాక్ష్యం రాసివ్వమని నిన్నే అడిగాను, రెండుసార్లు.

పిచ్చుక చేతిలో తాళం పెట్టాను. "అంటే నేను చెప్పింది నిజమేనా?" అని అడిగింది. అదేమిటే, చెప్పినదానివి నీకు తెలీదా అంటే, "నువ్వు అన్నిసార్లు కాదంటే నాకే డౌటొచ్చింది" అంది. నా కూతురు మరి.

ఎంత విన్నావక్కా?

చంటి


క్వార్టర్స్, ఖాళీ గది
శుక్రవారం

చంటీ,

అంతా విన్నాను. అబద్ధం చెప్తే నువ్వు నమ్మవు, నాకూ చేతకాదు.

పెట్టకు అన్నావని పెట్టలేదు, మొదట అంతే. నువ్వు కిందకి దిగిన అడుగుల చప్పుడు కూడా వినిపించింది. ఇప్పుడు తీస్తావు, ఇప్పుడు తీస్తావు అనుకుంటున్నాను. ఇంతలో నా పేరొచ్చింది. మన పేరు వినపడ్డప్పుడు ఎవరమైనా ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకుంటాం. తప్పే. "చంటీ, నేనింకా ఇక్కడే ఉన్నానే" అని గట్టిగా అరవాల్సింది. మొదటి మాటకి అరవచ్చు. రెండో మాటకి గొంతు రాలేదు. మూడో మాటయ్యాక అరిస్తే నీ మొహం ఎలా అయిపోతుందో కళ్ళకి కట్టి, నోరు మూసుకున్నాను.

నిజం చెప్పనా? నాకు కోపం రాలేదు. ఆశ్చర్యమేసింది. అననందుకే ఊపిరాడదు అన్నావు చూడు, అది నాకెప్పుడూ తట్టలేదు. అనకపోవడం నా గొప్పతనమనుకున్నాను ఇన్నేళ్ళూ. అప్పుడప్పుడు సాధించి ఉంటే నువ్వూ నాలుగు అని ఉండేదానివి, ఇద్దరికీ తేలికయ్యేది. ఆ తప్పు నాది. ఈ వయసులో తెలిసింది.

ఆ మాటలు అరగంటలో అయిపోయాయి. మిగతా ఆరు గంటలూ ఎందుకు పెట్టలేదని నువ్వడగలేదు, కానీ అడుగుతావు.

పెట్టేద్దామనే అనుకున్నాను. అప్పుడే పక్కింటావిడ నిచ్చెన అడగడానికొచ్చింది. ఆవిడేదో అంటే నువ్వు నవ్వావు. చంటీ, నువ్వలా నవ్వుతావని నాకు తెలీదే. నా దగ్గర నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు నవ్వుతావు. ఇంకొకసారి నవ్వితే విని పెట్టేద్దామనుకున్నాను. తర్వాత కుక్కరు కూసింది. మరిది కళ్ళజోడు కోసం ఇల్లంతా తిరిగాడు, అది నెత్తి మీదే ఉందని పిచ్చుక చెప్పింది. అది ఏవో నదుల పేర్లు బట్టీ పట్టింది, మూడో నది దగ్గర ప్రతిసారీ తప్పింది. నీకు తుమ్ములొచ్చాయి. ఇక్కడ నా పొయ్యి మీద గిన్నె మాడిపోయింది, లేచి కట్టేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

మధ్యాహ్నం నువ్వు ఆ సోఫాలోనే పడుకున్నావు. నీ ఊపిరి వినిపించింది. చిన్నప్పుడు నీకు జ్వరం వచ్చినప్పుడు గడియారం చూసుకుంటూ లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడూ లెక్కపెట్టాను. నిమిషానికి పదహారు. బాగుంది.

నేనిక ఆ ఇంట్లో ఉండబోవడం లేదని అప్పటికే తెలిసిపోయింది నాకు. అందుకని ఉండగలిగినంత సేపు ఉన్నాను. సాయంత్రం పిచ్చుక వచ్చి పెట్టేసింది. ఆ బిల్లులో ఉన్న ఆరున్నర గంటలూ నేను మీ ఇంట్లో ఉన్న గంటలు. అవి జరగలేదని నన్నెలా రాయమంటావు?

అక్క


ఇల్లు, మేడ మెట్ల మీద
బుధవారం

అక్కా,

బిల్లు కట్టాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కాగితం ఇస్తే కళ్ళజోడాయన జోడు పైకి తోసుకుని చూశాడు. "ఏమ్మా, మెషీన్ గెలిచిందా?" అన్నాడు. గెలిచిందండీ అన్నాను. పాపం, ఆ జవాబుకి ఆయన కూడా సంతోషించినట్టు లేదు.

ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను, నేను నీకు రాసింది కూడా చెప్పాను. నా మీద నెట్టావా అని అడుగుతారనుకున్నాను. అడిగారు కూడా, కానీ చాలాసేపటికి. ముందు మాత్రం "ఆ రోజంతా వదిన అన్నం తినలేదన్నమాట" అన్నారు. నాకు తట్టని మాట అది.

రా అక్కా. గది ఖాళీ చేయిస్తానంటే పిచ్చుకే ముందు ఒప్పుకుంది. మూడో నది పేరు నీకు తప్పు లేకుండా చెప్పడానికి నేర్చుకుందట. క్వార్టర్ తాళాలిచ్చే రోజుకి మేమిద్దరం వచ్చి నీ సామాను ఎక్కిస్తాం.

ఈ పిలుపైనా నిజమైందేనా అని నువ్వడగవు, అడిగే మనిషివి కావు. అందుకని నన్ను నేనే అడుగుతున్నాను. నీ కోసమా, నా సిగ్గు కడుక్కోడానికా? వారం నుంచీ ఈ రెంటినీ విడదియ్యాలని చూస్తున్నాను, విడిపోవడం లేదు. పిల్లలకైతే ఇలాంటి జవాబుకి సున్నా వేస్తాను. అయినా రా.

చంటి


బస్టాండు వెనక వీధి, రెండో గది
నెల మొదటి ఆదివారం

చంటీ,

తాళాలు అప్పజెప్పి నాలుగు రోజులైంది. నీ ఉత్తరం ఆలస్యంగా, నేను వచ్చేశాక అక్కడికెళ్ళి, తిరిగి ఇక్కడికొచ్చింది. ల్యాబమ్మ గోడ మీద కొట్టడం మొదలుపెట్టింది, అంటే నేను గురక పెడతానన్నమాట. నలభై ఏళ్ళు ఆలస్యంగా తెలిసిన ఇంకో సంగతి. క్వార్టర్ ఫోను క్వార్టర్‌తోనే పోయింది. ఇక్కడ పెట్టించుకోలేదు. కొన్నాళ్ళు ఉత్తరాలే మంచివి మనకి. ఉత్తరంలో చెప్పదలుచుకున్నదే వెళ్తుంది.

నువ్వు మనసులోంచే పిలుస్తున్నావని తెలుసు. అందుకే రాను. వచ్చానంటే ఆ పిలుపు నిజమేనని రోజూ పొద్దున్నే నాకు చూపించుకుంటూ తిరుగుతావు. కాఫీ ఇస్తూ నవ్వుతావు, చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. నేను నమ్మినట్టు కనిపించాలి. ఇద్దరం అలిసిపోతాం. అంతకంటే నువ్వు పక్కింటావిడతో నవ్వే ఇల్లుగానే అది ఉండనీ.

చుట్టంలా వస్తాను. నాలుగంటే నాలుగు రోజులు. వండిపెడితే తిని, బాగుందని చెప్పి, బస్సు టైముకి లేచి వెళ్ళిపోయేలాంటి చుట్టం. నాకు అలవాటు లేని పని, నేర్చుకోవాలి. ఈ నెల ఇరవయ్యో తేదీ అనుకుంటున్నాను. కుదిరితే కుదురుతుందని రాయి. కుదరకపోతే కుదరదని రాయి. నీ చేతిరాతతో ఆ మాట ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

అక్క


ఇల్లు, ముందు గది
గురువారం

అక్కా,

ఇరవయ్యో తేదీ కుదరదు. నాకు పరీక్ష పేపర్లు దిద్దే వారం, ఆయన ఊళ్ళో ఉండరు, పిచ్చుకకి లెక్కల పరీక్ష. నువ్వొస్తే నీతో కూర్చోలేక, పేపర్లు దిద్దలేక విసుక్కుంటాను. ఇరవయ్యారున రా.

ఈ నాలుగు వాక్యాలకి అయిదు కాగితాలు చింపాను. మొదటి కాగితంలో "తప్పకుండా రా" అని రాశాను, చెయ్యి అలవాటు కొద్దీ. రెండోదాంట్లో కుదరదు అని రాసి, పక్కనే క్షమించమని మూడు వరుసలు పెట్టాను. చివరికి ఇలా కుదిరింది.

రాశాక చాలాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. ఇంత చిన్న మాట. ఆ ఆదివారం ఫోన్లో నీతోనే ఇది అని ఉంటే, నువ్వు నన్ను చెడామడా తిట్టి, పదో నిమిషంలో ఫోన్ పెట్టేసి, మర్నాడు కుట్టుమిషనుతో సహా మా ఇంట్లో దిగిపోయి ఉండేదానివి.

చంటి